తాతయ్య తెస్తానన్న అవ్వ

నా చిన్నప్పుడు నాకు రెండు భాషలు వచ్చని నాకే తెలియదు. అవ్వతో ఒకలా మాట్లాడాలి, మిగతావాళ్ళతో ఇంకోలా మాట్లాడాలి, అంతే అనుకునేదాన్ని. అవ్వ అంటే మా నాయనమ్మ కాదు, మా ఇంట్లో పనికి కుదిరిన కోయామె. కృష్ణా జిల్లా నుంచి వచ్చి టేకులపల్లి దగ్గర అడివంచున భూములు కొనుక్కున్న కుటుంబం మాది. నేను పుట్టగానే అమ్మ మంచం పట్టింది. నన్ను చంకనేసుకుని తిప్పిందీ, జావ తాగించిందీ, పాట పాడి పడుకోబెట్టిందీ అవ్వే. వాళ్ళలో తల్లిని అలాగే పిలుస్తారు. ఆ పిలుపు నాకెవరూ నేర్పలేదు, దానంతటదే వచ్చింది.

కొంచెం బుద్ధి తెలిశాక ఒకసారి అడిగాను, అందరూ ఒకేలా మాట్లాడొచ్చుగా, ఎందుకిన్ని రకాలు అని. అవ్వ చేటలో ఇప్పపువ్వు ఏరుతోంది. పగలబడి నవ్వింది. అందరిదీ ఒకటే మాటైతే ఏ ఇంటివాళ్ళు పిలుస్తున్నారో దేవుళ్ళకెట్లా తెలుస్తుంది, పాపం వాళ్ళు ఇల్లిల్లూ వెతుక్కోవాలా అంది. అదే తాతయ్యని అడిగితే, చదువు లేనిచోట మాట తలో దారీ పడుతుందమ్మా, నువ్వు మంచి భాష నేర్చుకో చాలు అన్నాడు. నాకు అవ్వ చెప్పిందే నచ్చింది. కానీ నమ్మకం మాత్రం తాతయ్య మీద. సైకిలు ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి, దానిమీద కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేవాడు. దవాఖానాలో సూదిమందు నొప్పి పుడుతుందా అంటే పుడుతుందనే చెప్పేవాడు. ఇంట్లో నాకు అబద్ధం చెప్పని మనిషి ఆయనొక్కడే.

ఒక ఎండాకాలం మధిర నుంచి మా మేనత్త తన అత్తింటివాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. అందరం బంతిలో కూర్చుని తింటుంటే నాకు పొలమారింది. పొలమారినప్పుడు ఏ భాష నోటికొస్తే ఆ భాషలోనే కదా నీళ్ళు అడుగుతాం! నేను కోయలో అడిగాను. మేనత్త ముద్ద చేతిలోనే పట్టుకుని, తాతయ్య వైపు తిరిగి, "అయ్యో నా రాత! ఇది మన పిల్లేనా నాన్నా, గూడెం నుంచి తెచ్చుకున్నారా?" అంది. వియ్యాలవారంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే. తాతయ్య మాత్రం నవ్వలేదు. విస్తరి ముందునుంచి లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు.

చుట్టాలు వెళ్ళిన మర్నాడు నేను నిద్ర లేచేసరికి అవ్వ లేదు. పెరట్లో లేదు, దొడ్లో లేదు. అన్నం ముట్టకుండా ఏడుస్తుంటే తాతయ్య ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. "వాళ్ళ గూడెంలో పండగ, వెళ్ళిందమ్మా. నువ్వు ఒక్క కోయముక్క దొర్లకుండా చక్కగా తెలుగు మాట్లాడు. ఆ రోజే వెళ్ళి తీసుకొస్తా" అన్నాడు. నా చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పాడు.

ఇంకేం కావాలి నాకు! ఆ క్షణం నుంచే మొదలుపెట్టాను. కోయమాట నాలుక చివరికొస్తే పెదవి కొరుక్కునేదాన్ని. కోడిపెట్టని తోలినా తెలుగులోనే. అవ్వ పాట మనసులో తిరిగితే చెవులు మూసుకుని, వాచకంలో పాఠం గట్టిగా చదివేదాన్ని. బళ్ళో మాష్టారు మెచ్చుకున్నారంటే తాతయ్య సంబరపడిపోయి నా అరచేతిలో పంచదార పోసేవాడు. ఇప్పుడు తెస్తావా అంటే, ఇంకొంచెం బాగా రానీ అనేవాడు. ఏటా ఎండాకాలం వచ్చే తునికాకు కోతలు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి. నేను అడుగుతూనే ఉన్నాను. నా తెలుగే ఇంకా బాగాలేదని నామీద నాకే కోపం.

ఆఖరికి ఒకనాడు తాతయ్యతో వెళ్ళిన టేకులపల్లి సంతలో, చింతపండు బుట్ట ముందు కూర్చుని అవ్వే కనపడింది. నన్ను చూసి బుట్ట వదిలేసి పరిగెత్తుకొచ్చింది. నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని గలగలా మాట్లాడేస్తోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు తెలుసు, ఆ ఊపు తెలుసు, మాటలు మాత్రం గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టున్నాయి. అయినా నా సంతోషం నాది. బళ్ళో అప్పజెప్పినట్టు నిలబడి, "అవ్వా, బాగున్నారా? నాకు తెలుగు బాగా వచ్చేసింది. ఒక్క తప్పు కూడా రాదు. ఇంక ఇంటికి వచ్చేయండి" అన్నాను.

ఆమె చేతులు నా బుగ్గల మీదే ఆగిపోయాయి. తనకొచ్చిన తెలుగులో అంది. "నన్నెవలు రానిస్తరు బిడ్డా? మీ గడప తొక్కొద్దన్నడు గద మీ తాత. నిన్ను సూద్దామనొస్తే, పిల్ల నిన్ను మర్సిపోయింది పో అన్నడు."

తాతయ్య పక్క కొట్లోనే పలుపుతాళ్ళు బేరమాడుతున్నాడు. "తాతయ్యా, పండగన్నావుగా?" అన్నాను. ఆయన తాడు లాగి చూసుకుంటూ, "పదవే, బస్సు వెళ్ళిపోతుంది" అన్నాడు. నావైపు చూడలేదు. అవ్వ వంగి నా చెవిలో ఏదో చెప్పింది, తన భాషలోనే, గబగబా. చెప్పి, బుట్ట ఎత్తుకుని జనంలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ నాకు కనపడలేదు.

నాకు ఏడుపు కంటే ముందు మంట పుట్టింది. పంపేశాడు, సరే, పెద్దవాళ్ళు పంపించేస్తారు. కానీ ఆమె భాషని నాలోంచి నా చేతే పీకించాడు కదా, అదీ ఆమె వస్తుందని ఆశపెట్టి! ఎంత నమ్మకద్రోహం! ఇంటికెళ్ళాక "నీ మంచికేనే పిచ్చిదానా" అన్నాడు. ఆయన అలాగే అనుకున్నాడు కూడా, అదే నాకింకా కష్టం. ఆ తర్వాత నేను ఆయన సైకిలెక్కలేదు. పెద్దయ్యాక ఆయన మంచాన పడితే అన్నం తినిపించాను, కాళ్ళు పట్టాను. క్షమించావా అంటే మాత్రం, లేదు.

ప్రపంచంలో ఇన్ని భాషలెందుకండీ, దండగ, ఒకటుంటే పోదా అని ఇప్పటికీ ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్కో భాష వెనక ఒక్కో మనిషి ఎదురు చూస్తూ కూర్చుని ఉంటారని వాళ్ళకెట్లా చెప్పడం? యుద్ధాలు చేసి పోగొట్టక్కర్లేదు భాషని. ప్రేమగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని కూడా పోగొట్టొచ్చు.

నేను భద్రాచలంలో టీచరుగా ఉన్న రోజుల్లో, నాతో పనిచేసే కోయ టీచరమ్మకి ఆ సంతలో అవ్వ నా చెవిలో చెప్పిన మాట, గుర్తున్నది గుర్తున్నట్టు వినిపించాను. ఆమె మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. "మొదలు 'నా బిడ్డా' అని ఉందక్కా, అది తెలుస్తోంది. తర్వాతది మీ నోట్లో ఏదేదో అయిపోయింది" అంది. అవ్వ ఏం చెప్పిందో నాకు తెలియదు. బిడ్డా అని పిలిచి చెప్పిందని మాత్రం తెలుసు.