మైకు పట్టిన జోహరాబీ

జనగామలో నబీసాబ్ గొంతు వినని చెవి లేదు. సినిమా మారినా, బట్టల దుకాణంలో ఆషాఢం తగ్గింపు పెట్టినా, ఆటో మీద మైకులు కట్టుకుని ఊరంతా చాటేది అతడే. అలాంటి గొంతులో గడ్డ లేచింది. వరంగల్ దవాఖానలో కోసి తీశారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు గానీ, మాట మాత్రం గుసగుస దగ్గరే ఆగిపోయింది.

"మైకు నాకియ్యి, నువ్వు బండి నడుపు" అంది అతని భార్య జోహరాబీ. ఆ మాటకు నబీసాబ్‌కు దుఃఖమూ సంబరమూ ఒకేసారి వచ్చాయి. వద్దని అనడానికి గొంతెక్కడిది!

ఊరు ఊరుకుంటుందా? ఆడమనిషి మైకులో అరవడమేమిటని నొసలు చిట్లించింది. వాళ్ల గిరాకీల్లో అందరికంటే పెద్దవాడు బట్టల దుకాణం రాంచందర్ సేటు. ఆయన గోడ మీద పిల్లిలా కూర్చున్నాడు. "ఆడగొంతు మాట జనం వింటరా చెల్లె? చూద్దాం తియ్యి" అన్నాడు. ఆ 'చూద్దాం' తేలితే గానీ వాళ్లింట్లో పొయ్యి వెలగదు.

నిజానికి జోహరాబీకి ఈ విద్య కొత్తది కాదు. నెల్లికుదురులో ఆమె తల్లి గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగేది. మిగతా గాజులమ్మలు రంగు చూడండి, మెరుపు చూడండి అంటూ నోరు నొప్పెట్టేదాకా పొగిడేవాళ్లు. తల్లి మాత్రం పొగడ్త ఒక్క ముక్కలో ముగించి, "ఏదీ, చెయ్యి ఇటియ్యి బిడ్డా" అనేది. ఒకసారి చెయ్యి చాపిన ఆడది గాజు వేయించుకోకుండా లేచిపోవడం జోహరాబీ చూడలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఊళ్లో జనం పెడతారా? అంతా విన్నాక కూడా లేచి ఏం చెయ్యాలో తెలియకపోతే ఆ చెప్పడం దండగ అని ఆమె గట్టి నమ్మకం.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. రెండువేల పదకొండు ఎండాకాలం. హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు పెట్టాలని ఊరి జేఏసీ వాళ్లు అనుకున్నారు. నడిరోడ్డున పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని, బండ్లు ఆపడమన్నమాట. చాటే పని జోహరాబీకి దొరికింది. కాగితం రాసింది బడిపంతులు బాలనర్సయ్య సారు. ఎంత బాగా రాశాడంటే, వింటుంటే ఆమె ఒళ్లు జలదరించింది. చివర మాత్రం 'అధిక సంఖ్యలో పాల్గొని జయప్రదం చేయగలరు' అని ముగించాడు.

"అంత మంచిగుంది సారూ. గీ ఆఖరుదే నాకు నచ్చలే. అధిక సంఖ్య అంటే ఎవరు? మా గల్లీల గా పేరుగలోళ్లు ఎవ్వరు లేరు గదా!"

సారు పకపకా నవ్వాడు. "మరి నువ్వేమంటవు?"

"ఇంటికో దోసెడు బియ్యం పట్టుకొని రేపు పదింటికి రోడ్డు మీదికి రమ్మంట. ఉత్తచేతులతోని రమ్మంటే ఎనకాముందు ఆడుతరు. చేతిల బియ్యముంటే కాళ్లు వాటంతటవే నడుస్తయి."

"అట్లనే కానియ్యి" అన్నాడు సారు.

ఆ సాయంత్రం ఆటో గల్లీ గల్లీ తిరిగింది. "అక్కలారా, అవ్వలారా! ఇంటికో దోసెడు బియ్యం! రేపు పొద్దుగాల పదింటికి! మళ్ల మరిచిపోతరు, ఇప్పుడే చాటల పోసి పెట్టుకోండ్రి!"

జనం వచ్చారు. ఎట్లా వచ్చారనుకున్నారు! కొంగుల్లో బియ్యం, గిన్నెల్లో బియ్యం, పిల్లల బడిసంచుల్లో బియ్యం. పరిచిన టార్పాలిన్ మీద కుప్ప మోకాలెత్తు లేచింది. బంద్ కాబట్టి షట్టర్ దించేసిన రాంచందర్ సేటు, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. జోహరాబీ నేల మీద నడవడం లేదు. అప్పుడు నబీసాబ్ దగ్గరికొచ్చి ఆమె చెవిలో గుసగుసలాడాడు.

"జోహరా... పప్పేది?"

పప్పు లేదు. ఉప్పు లేదు. కట్టెలు లేవు, నీళ్లు లేవు. అన్నీ ఆమె చెప్పే ఉంటుందని జేఏసీ వాళ్లు నిశ్చింతగా ఉన్నారు. జనాన్ని అనడానికేముంది? బియ్యం తెమ్మంది, బియ్యమే తెచ్చారు.

ఇంత జనం ఆకలితో తిరిగిపోతే, ఆడగొంతు మాట విని చెడ్డామని పదేళ్లపాటు చెప్పుకుంటారు. ఇక ఆటో అమ్ముకోవలసిందే. జోహరాబీకి భయం వేసింది, కానీ మైకు చేతిలోనే ఉంది కదా!

"తప్పు నాదే! బియ్యం అడిగిన, పప్పు మరిచిన. అడిగింది కుప్పవోసిండ్రు, ఇగ అడగనిది అడుగుతున్న. పరేషాన్ కావద్దు. స్టేషన్ దిక్కోళ్లు పప్పు! బస్టాండు దిక్కోళ్లు ఉల్లిగడ్డ, చింతపండు, మిరపకాయలు, ఉప్పు! జఫర్‌గఢ్ నుంచి వచ్చిన తమ్ముళ్లూ, మీ ఇల్లు దూరం, మీరు పక్క అడితికి పోయి కట్టెలు తెండ్రి. మొగోళ్లు బిందెలు పట్టుకొని నీళ్లకు! లెవ్వుండ్రి, ఇప్పుడే లెవ్వుండ్రి. నేను మైకు కింద పెట్టేవరకు ఒక్కరు గూడ ఈడ కనవడొద్దు!"

జనం నవ్వుతూనే లేచారు. కంది, పెసర, శనగ, ఎవరింట్లో ఏది ఉంటే అది పట్టుకొచ్చారు. అన్నీ ఒకే గుండిగలో పడ్డాయి. ఆ పప్పుకు పేరు పెట్టడం ఎవరి తరమూ కాలేదు గానీ, అడుగు గీకి మరీ తిన్నారు. ఆగిన లారీల డ్రైవర్లు కూడా దిగొచ్చి బంతిలో కూర్చున్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా!

రాంచందర్ సేటు చెయ్యి కడుక్కుని ఆమె దగ్గరికొచ్చాడు. "మొత్తానికి నీ మాట విన్నరు చెల్లె. ఆషాఢం సేలు సంగతి ఆలోచిస్త. జర టైమియ్యి, కబురు జేస్త."

"ఆలోచనెందుకు సేటూ? రేపు నువ్వు దుకాణం తెరవంగనే ఆటో ముందట ఉంటది. ఇయ్యాలనే కాగితం రాసి పెట్టు. ఆఖరు ముక్క మాత్రం రాయకు, అది నేను చెప్పుకుంట."

"మంచిది" అన్నాడు సేటు. ఒప్పుకున్నానని ఆయనకు ఇంటికి పోయాక గానీ తెలియలేదు.