రాచనాగు గారి కావలివాడు

మా మరిది మనుషులందరినీ ‘నువ్వు’ అనేవాడు, పాములను మాత్రం ‘మీరు’ అనేవాడు. కలప మిల్లు యజమానికీ నువ్వే, వదినైన నాకూ నువ్వే.

ఆ అలవాటుతోనే మేస్త్రీ మీద తగవు గెలవడం నా కళ్ళారా చూశాను. మిల్లు వెనక వెదురు పొదల్లో ఎండుటాకుల కుప్ప ఒకటి లేచింది. తగలబెడతానని మేస్త్రీ కిరసనాయిలు డబ్బాతో వచ్చాడు. రంపాలకు పదును పెట్టే మా మరిది ఆకురాయి పట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

“అది కుప్ప కాదు, పురిటిగది. లోపల ఆవిడున్నారు.”

“ఆవిడెవరు?”

“రాచనాగు గారు. ఆకులన్నీ ఒంటితో చుట్టి లాక్కొచ్చి స్వయంగా కట్టుకున్నారు. పాముల్లో ఇలా గూడు కట్టేది వీరే. నువ్వేమో మూడేళ్ళ నుంచి మీ ఇంటి తలుపుకి గడియ బిగించలేదు!”

“నీ పిచ్చి తగలెయ్య, తప్పుకో!”

“తప్పుకున్నా. వెళ్ళి అంటించుకో.”

మేస్త్రీ రెండడుగులు వేశాడు. కుప్ప మీంచి తల లేచింది. లేచింది, ఇంకా లేచింది, అతని నడుము ఎత్తు దాటి ఆగింది. అది బుస కాదు, పెద్ద కుక్క గుర్రుమన్నట్టుంది. ఉన్నచోటు నుంచి కదలకుండా ఒక మగవాణ్ణి వెనక్కి నడిపించిన తల్లిని నేను చూడటం అదే మొదలు. మేస్త్రీ డబ్బా నా చేతిలో పెట్టి, “పిల్లలు వెళ్ళాకే చూద్దాం లెండి” అన్నాడు. ఆ ‘లెండి’ మా మరిదికి కాదని నాకు తెలుసు.

మర్నాటి నుంచి మరిది తన రంపాలను ఏటికి వెళ్ళే అడ్డదారిలో, గూటికి బాగా ఇవతల పెట్టుకుని కూర్చున్నాడు. రోజంతా కేకలే.

“అమ్మగారూ, గుడ్లు తడవలేదు కదా? ఇవాళా భోజనం లేదా? మీరు కదలకండి!”

బెరడు ఒలిచే ఆడవాళ్ళం అది విని, నవ్వుకుంటూ చుట్టుదారిన పోయేవాళ్ళం.

రెండు నెలలు కావస్తుండగా అతనికి జ్వరం తగిలి గొంతు పోయింది.

“చెవుల్లేని పాముకి అన్ని కబుర్లెందుకయ్యా? ఇప్పుడు చూడు!” అని దెప్పాను.

“ఆవిడకి వినపడవని నాకు తెలీదా వదినా?” అన్నాడు గుసగుసగా. “మీ కోసమే అరిచా. నెత్తిన మోపులతో వస్తారు, కాళ్ళ కింద ఏముందో చూడరు. నా గోల వింటే పక్కకి తిరిగిపోతారని.”

చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి నా పరువు దక్కింది.

“ఇంకో పదిరోజుల్లో గుడ్లు పగులుతాయి. దానికి ముందే ఆవిడ వెళ్ళిపోతారు. అన్నాళ్ళ ఆకలి మీద సొంత పిల్లల్నే మింగేస్తానేమోనని భయం కాబోలు. అంతదాకా నువ్వెళ్ళి ఆ దారిలో కూర్చో వదినా. ఎవర్నో ఒకర్ని గట్టిగా తిడుతూ ఉండు. నీ నోరు వినపడితే ఆ ఛాయలకి ఎవరూ రారు. ఆవిడని మాత్రం ‘మీరు’ అను.”