పూత సంగతి రాసిన పిల్ల

మొన్న మాఘమాసంలో ఒక ఉదయం మా తమ్ముడి స్టీలు సామాను కొట్లో, ఇంకా బోణీ కాకముందే కూర్చుని కాఫీ తాగుతుంటే, గిన్నెలు కొనడానికొచ్చిన ఒక తోట ఆసామి తన ఫోను నా ముఖం ముందు పెట్టి, డ్రోనుతో తీయించిన తన మామిడి తోట వీడియో చూపించాడు. ఆకు కనబడకుండా పూత, వెనక హోరుమనే సంగీతం, కింద మెరిసే అక్షరాల్లో ఆయన పేరూ నంబరూ. గుత్తకు తీసుకునేవాళ్ళందరికీ పంపానండీ, చెరువులో వల వేసినట్టు వేశాను అని నవ్వాడు. బాగుందండీ అన్నాను. ఒక్క పూత కంకి కూడా మాడని తోట ఈ భూమ్మీద లేదని నాకు తెలుసు గానీ, బోణీ బేరం చెడగొట్టుకునేంత సత్యసంధురాలిని నేనెప్పుడూ కాను. ఆయన గిన్నెలు కట్టించుకుని వెళ్ళిపోయాక మాత్రం చాలాసేపు మనసు మనసులో లేదు. ఇదే నూజివీడులో, ఇదే పూతను ఇంటర్నెట్లో పెట్టినందుకు ఒక పిల్ల కుటుంబానికి నిలువనీడ లేకుండా పోయింది. మన వయసువాళ్ళలో ఆ సంగతి గుర్తున్నవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారో లేదో.

నేను కొట్లోనే పుట్టి పెరిగినదాన్ని. సరుకులో సొట్ట ఉంటే కొనేవాడు అడిగేదాకా చెప్పకూడదు, అడిగాక దాచకూడదు అన్నది మా నాన్న నాకు నేర్పిన ఏకైక ధర్మశాస్త్రం. బేరం ఆడకుండా కొన్న వస్తువు నాకు ఒంటికి పట్టేది కాదు. చివరికి పెళ్ళిచూపుల్లో కూడా పెళ్ళికొడుకు ఉద్యోగం గురించి గుచ్చి గుచ్చి అడిగింది మా నాన్న కాదు, నేనేనని మా అత్తగారు కన్నుమూసేదాకా వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుని మురిసేవారో, ఏడ్చేవారో ఇప్పటికీ తేలలేదు.

అలాంటి నాకు డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం, పల్లెల్లో చదువుకునే పదో తరగతి, ఇంటర్ పిల్లలకు కంప్యూటర్లు నేర్పే ఒక స్వచ్ఛంద సంస్థలో. స్మార్ట్ ఫోన్లు ఇంకా రాని రోజులు. పిల్లలకు కంప్యూటర్ నేర్పడమొక్కటే కాదు, వాళ్ళ ఊళ్ళ గురించి వాళ్ళ మాటల్లో ఇంటర్నెట్లో రాయించాలని, వాళ్ళలోంచే నాయకులను తయారుచేయాలని ఆ సంస్థవారి ఆశ. గది కోసం ఊరంతా తిరిగి, చివరికి మా కొట్టు మేడ మీద గదిని మా నాన్నతోనే బేరమాడి అద్దె సగానికి తెగ్గోశాను. కన్నకూతురు కదా అని ఆయన తగ్గలేదు, నా నోటికి తట్టుకోలేక తగ్గాడు. బెజవాడ వెళ్ళి పాత కంప్యూటర్లు కొని, కొసరుగా ఒక కీబోర్డు లాక్కొచ్చాను. దానికి సగం మీటలు పనిచేసేవి కావు, అది వేరే సంగతి.

పిల్లలను పంపమని తల్లిదండ్రులను ఒప్పించడం ఇంకో పెద్ద బేరం. మగపిల్లలైతే సరే, ఆడపిల్లకు కంప్యూటరెందుకమ్మా, రేపు కాపురంలో దానిమీద అట్లు పోసుకుంటుందా అనేవారు. ఆదివారం ఒక్కపూట అని మొదలుపెట్టి, శనివారాన్ని కొసరు కింద రాబట్టి, అలా రెడ్డిగూడెం, చాట్రాయి వైపు నుంచి బస్సుల్లో వచ్చే ఒక చిన్న గుంపును పోగుచేశాను. ఆ గుంపుకు సంస్థవారు పెట్టిన నియమాలు రెండే. పిల్లలే తమలో ఒకరిని నాయకురాలిగానో, నాయకుడిగానో ఎన్నుకోవాలి, వాళ్ళు రాసినదాన్ని పెద్దవాళ్ళెవరూ ముందుగా చూడకూడదు, నాతో సహా.

వాళ్ళు ఎన్నుకున్నది రెడ్డిగూడెం దగ్గర ఒక మామిడి తోటలో కాపలా ఉండే కుటుంబం తాలూకు పిల్లను. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టుండే పిల్ల. ఆదివారం ప్రార్థనలో పెద్దల ముందు నిలబడి వాక్యం చదివే అలవాటు వల్ల కాబోలు, ఆ గొంతులో బెదురుండేది కాదు. మేమందరం ఇంగ్లిష్ మీటలతో తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంటే, తను చకచకా కొట్టేసి పక్కవాళ్ళకు నేర్పేది. తోటలో చిలకలను తోలడానికి వాళ్ళమ్మ వేసే కేకల గురించి, గాలివానకు రాలిన కాయల్లో ఏవి పచ్చడికి పనికొస్తాయో ఏవి గేదెలకు వేస్తారో, తాటాకు గుడిసె మీద చిన్నరసం కాయ పడితే ఒక చప్పుడు, బంగినపల్లి పడితే ఇంకో చప్పుడు ఎందుకు వస్తుందో రాసేది. ఎక్కడో బెంగుళూరులో ఉన్న తెలుగాయన ఎవరో చదివి మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు రాస్తే, ఆ పిల్ల వాటిని గదిలో అందరికీ పైకి చదివి వినిపించి, మన తోట బెంగుళూరుకు వినపడిందండీ అంది. అంత సంతోషంగా అన్న మాట ఆ తరువాత ఆ మేడ మీద నేను వినలేదు.

మామిడి పండే చోట పుట్టనివారికి ఒక సంగతి చెప్పాలి. మా వైపు చాలా తోటలను కాయ మీద కాదు, పూత మీదే అమ్ముతారు. బయటి వ్యాపారి వచ్చి, పూత చూసి, కాపు ఊహించి, ఆ ఏడాదికి తోట గుత్తకు తీసుకుంటాడు. అందుకని బేరం తెగేదాకా పక్కతోట పూత ఎలా ఉందో ఎవరూ నోరెత్తి చెప్పరు. అడిగినా, దేవుడి దయ అని తప్పించుకుంటారు. ఇది ఎవరూ నేర్పరు, ఎక్కడా రాసి ఉండదు, కానీ చంటిపిల్లలకు కూడా తెలుసు.

ఆ పిల్లకూ తెలుసు. తెలిసినా, చూసింది చూసినట్టు రాయమని మేము చెప్పిన మాటను తోట మాట కన్నా ఎక్కువ నమ్మింది. ఆ ఏడాది తేనెమంచు పురుగు పడి ఆ చుట్టుపట్ల తోటల్లో పూత నల్లగా మాడిపోతుంటే, పిల్లలందరినీ వెంటబెట్టుకుని, మా డిజిటల్ కెమెరాతో తోట తోటా తిరిగి ఫొటోలు తీసి, ఏ తోటలో ఎంత మాడిందో, ఏ మందు కొట్టినా ఎందుకు ఆగలేదో ఓపిగ్గా రాసి పెట్టేసింది. మొదటి ఫొటో వాళ్ళు కాపలా ఉండే తోటదే. అందరికీ తెలిస్తే ఎవరైనా శాస్త్రవేత్తలు వచ్చి చూస్తారని వాళ్ళ ఆశ.

శాస్త్రవేత్తలు రాలేదు. బెజవాడలో ఒక వ్యాపారి కొడుకు కాలేజీ కంప్యూటర్లో అది చూసి తండ్రికి చూపించాడు. మా తోటలకు రావలసిన వ్యాపారులు హనుమాన్ జంక్షన్ దాకా వచ్చి, అక్కడినుంచే వెనక్కి తిరిగిపోయారు. వచ్చిన ఒకరిద్దరు సగానికి సగం కోసి అడిగారు.

ఒక శనివారం మధ్యాహ్నం, పిల్లలు కంప్యూటర్ల ముందుండగా, ఆ పిల్లవాళ్ళు కాపలా ఉండే తోట ఆసామి మా మేడ మెట్లెక్కి వచ్చాడు. వెనకే గుమ్మం దగ్గర, తలపాగా విప్పి చేతిలో పట్టుకుని, ఆ పిల్ల తండ్రి. ఆసామి అరవలేదు. నాతో, "ఏమ్మా, ఊళ్ళో ఎవరికి నెల తప్పిందో, ఎవరికి నిలవలేదో కూడా రాయిస్తారా ఇందులో?" అన్నాడు. నాకున్న విద్యంతా బయటికి తీశాను. ఆ ఫొటో తీసేస్తామండీ, కాపు కాలంలో మీ కాయల ఫొటోలు పెడతామండీ, బెంగుళూరు నుంచి కొనేవాళ్ళొస్తారండీ అని ఒకదాని మీద ఒకటి పేర్చాను. ఆయన నవ్వి, "బేరం నాతో ఎందుకమ్మా, వెనక్కి పోయినవాడితో ఆడు" అన్నాడు.

అప్పుడు కుర్చీలోంచి లేచింది ఆ పిల్ల. "అయ్యగారూ, నేనేమైనా అబద్ధం రాశానాండీ?"

"అబద్ధమైతే ఎవడికి బాధే? నిజం కాబట్టే కదా నా కొంప మునిగింది!"

తండ్రి గుమ్మం దాటి లోపలికి రాలేదు. కూతుర్ని ఒక్క మాట అనలేదు, చెయ్యెత్తలేదు. "పదవే" అన్నాడు, అంతే. ఆ పిల్ల కంప్యూటర్ కట్టేయడానికి కూడా ఆగకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు నేను ఆసామి ఇంటికి వెళ్ళాను, కాపలా కుటుంబాన్ని తీసేయవద్దని బతిమాలడానికి. కాఫీ ఇచ్చారు, కూర్చోమన్నారు, మా నాన్న ఆరోగ్యం అడిగారు. కొట్లో పెరిగినదాన్ని, నాకు ఆ మర్యాదతోనే అర్థమైపోయింది. ఎదుటివాడు విసుక్కుంటున్నంతసేపే బేరానికి ఆశ ఉంటుంది, మర్యాద మొదలైందంటే మూట కట్టేసినట్టే. పిందె గోళీకాయంత కాకముందే ఆ కుటుంబం గుడిసె ఖాళీ చేసి వెళ్ళిపోయింది. చుట్టుపక్కల ఏ తోటవాళ్ళూ వాళ్ళను కాపలాకు పెట్టుకోలేదు. ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోయిందని తరువాత విన్నాను.

మిగిలిన పిల్లలు రావడం మానలేదు. కానీ రాసేవి మారిపోయాయి. పండగ శుభాకాంక్షలు, గులాబీల ఫొటోలు, పరిశుభ్రత ముఖ్యమన్న నీతులు. ఎవరూ వాళ్ళకు ఏదీ రాయవద్దని చెప్పలేదు. సంస్థవాళ్ళు మా రాతలు చాలా ఎదిగాయని మెచ్చుకుని, కొన్నాళ్ళకు వాళ్ళ పథకం ముగించుకుని, కంప్యూటర్లు నాకే వదిలి వెళ్ళిపోయారు. వాటిని పాతసామాను వాడికి వేసేటప్పుడు, జీవితంలో మొదటిసారి, వాడు చెప్పిన ధరకే ఇచ్చేశాను.

ఆ పిల్లను నేను మళ్ళీ చూసింది పోయిన ఎండాకాలం, చాట్రాయి దగ్గర కాయలు అట్టపెట్టెల్లో సర్దే ఒక షెడ్డులో. జుట్టు అప్పుడే నెరిసింది. నన్ను తనే గుర్తుపట్టి, చేతులు చీరకు తుడుచుకుని, "బాగున్నారా మేడమ్?" అంది. కులాసా కబుర్లయ్యాక ఉండబట్టలేక, ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి కదా, ఏమైనా రాస్తున్నావా అని అడిగాను. "రాయడానికేముందండీ, ఖాళీ దొరికితే వాళ్ళూ వీళ్ళూ పెట్టినవి చూసుకుంటాను" అంది.

అంతలో పక్కనే కాయలు ఏరుతున్న వాళ్ళమ్మాయి, అచ్చం ఆ వయసులో తల్లిలాగే ఉన్న పిల్ల, ఫోను పైకెత్తి, మచ్చలు పడ్డ కాయల కుప్పను వీడియో తీయబోయింది. తల్లి చూడనైనా చూడకుండా, ఈగను తోలినట్టు చెయ్యి అడ్డం పెట్టి, "అవెందుకే, ఇటు మంచివి తియ్యి" అంది. ఆ పిల్ల ఫోను ఇటు తిప్పింది. తల్లిని ఎందుకని అడగలేదు.

మన కాలంలో నోరు విప్పడానికి చోటు లేదని బాధపడేవాళ్ళం. ఇప్పుడు చోటుకు కొదవలేదు, నూజివీడు నుంచి నోరు విప్పితే లోకమంతా వింటుంది. చెప్పవలసింది ఏదో చెప్పకూడనిది ఏదో పిల్లలకు మనం నేర్పనక్కర్లేదు, వాళ్ళ అమ్మలు నేర్పేశారు. ఆ అమ్మలకు ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఏ బేరంతోనూ ఆ గొంతు వెనక్కి రాదనీ తెలుసు.