డెబ్బది మూడుకు ఒక పాదం

నా పక్క తరగతిలో ముప్పది యేళ్లు లెక్కలు చెప్పిన మిత్రుడు నాతో మాట మానుకొని ఏడాదైంది. తప్పు నాదే. తాడేపల్లిగూడెంలో ఏటా జరిగే విశ్రాంత ఉపాధ్యాయుల సమావేశంలో, ఎటునుంచి చదివినా ఒకే తీరుగా నిలిచే పద్యపాదాలు వినిపించి, ఇంతటి సొగసు అంకెలకెక్కడిదని నలుగురిలో అన్నాను. ఆయన భోజనం ముట్టకుండా వెళ్లిపోయారు.

ఈ ఏడు సన్మానం ఆయనకే తలపెట్టారు. రానన్నారట. ఏలూరునుంచి ఆకివీడులోని ఆయనకు నేనే ఫోను చేశాను. నా క్షమాపణ సాంతం విననేలేదు.

"నాకు డెబ్బై మూడు మాస్టారూ. దాన్ని రెండువైపులనుంచీ ఒకేలా చదివించండి, వస్తాను. పది వేళ్లూ మరిచిపోయి లెక్కపెట్టుకోండి," అని పెట్టేశారు.

తిరగేస్తే ముప్పది యేడు. రెండు రోజులు దారి తోచలేదు. మూడవనాటి ఉదయం ఏదో పద్యానికి గురులఘువులు గుర్తిస్తూ చెయ్యి ఆపాను. నిడుపైనది గురువు, పొట్టిది లఘువు; జన్మమంతా నేను రెండే గుర్తులతో లెక్కపెడుతూ వచ్చాను కదా! డెబ్బది మూడును, మిగిలిన ఒకటి వదిలేస్తూ, సగం చేసుకుంటూ పోయాను: ముప్పది యారు, పద్దెనిమిది, తొమ్మిది, నాలుగు, రెండు, ఒకటి. బేసికి ఒకటి, సరికి సున్న వేశాను. రెండే గుర్తుల లెక్కలో డెబ్బది మూడంటే 1001001. ఎటు చదివినా అదే. ఒకటి గురువు, సున్న లఘువు అనుకుంటే రెండు భగణాలు, ఆపైన ఒక గురువు.

సాయంత్రానికి పాదం కుదిరింది:

రా సరసారస రా

కొల్లేటి లంకలో పుట్టిన ఆ పొడుగుకాళ్ల మనిషికి, కొలనిలోని సారసపక్షీ, రమ్మని పిలుపు. అక్షరాలు సైతం ఎటునుంచి చదివినా అవే. సరస్సారసమనాలి గదా అని వ్యాకరణం అడ్డుపడింది గాని, సరశబ్దానికీ కొలనన్న అర్థం చూపి నిఘంటువు గట్టెక్కించింది. పాదం కింద అంకెలు వేసి కాగితం టపాలో పంపాను.

జవాబు రాలేదు. సమావేశం మొదలైన అరగంటకు ఆయనే వచ్చారు, ఆ కాగితం చేతబట్టుకొని.

"ముప్పై ఏళ్లు అండీ అండీ అని, ఇప్పుడు రెండుసార్లు రా అన్నారే. ఆ చివరి రా తీసేయండి," అన్నారు.

"తీసేస్తే మీకు ముప్పై ఆరేళ్లే మిగుల్తాయండీ."

ఆయన చివరి ఒకటిమీద బొటనవేలు అదిమి, పెదవులు కదుపుతూ లెక్క సరిచూసుకున్నారు.

"అయితే తప్పకుండా తీసేయండి," అంటూ నా పక్కన కూర్చున్నారు.