కుడివైపు మూతి విరుపు

మా అత్తగారి ముఖంలో అన్నిటికన్నా ఎక్కువ పని చేసేది మూతి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా చేతి పులుసు ఒక గుక్క తాగి, మాటా పలుకూ లేకుండా మూతి కుడివైపుకి విరిచారు. ఆ ఒక్క విరుపులో ఉప్పు, పులుపు, మా అమ్మ నన్ను పెంచిన తీరు అన్నీ వచ్చేశాయి. పక్కింటి కోడలికి రోజూ చీవాట్లే. దాని అదృష్టం. చీవాట్లకి ఎదురు చెప్పొచ్చు, మూతికి ఏం చెబుతాం?

అలాంటి మూతికే గండం వచ్చింది. తొంభయ్యో దశకం చివర్లో ఆవిడ కుడిచెవి కింద ఉసిరికాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు కదా అని పసుపూ సున్నం పట్టించారు. అది నిమ్మకాయంత అయ్యాక పెనుగొండ నుంచి రాజమండ్రి తీసుకెళ్ళాం. లాలాజల గ్రంథిలో గడ్డ, క్యాన్సర్ కాదు గానీ తీసెయ్యాలన్నారు సర్జన్ గారు. చిక్కల్లా ముఖాన్ని కదిలించే నరంతోనే. అది ఆ గ్రంథిలోంచే వెళ్తుందట. మామగారిది వ్యవసాయమని తెలిసి, ఆయనకి అర్థమయ్యేలా చెప్పారు. పెద్ద కాలువ లాకుల దగ్గర చీలినట్టు ఆ నరం అయిదు పాయలవుతుంది, ముందు పెద్ద కాలువ పట్టుకుని, ఒక్కో పాయ వెంటే వెళ్తూ గడ్డని తప్పిస్తానన్నారు. పాయ తెగితే ఏమవుతుందని మామగారు అడిగారు. ఆ వైపు కన్ను సరిగా మూతపడదు, మూతి కదలదు అన్నారు. మామగారు నా వైపు చూసి, వెంటనే కిటికీ వైపు చూశారు. ఆయన నాకన్నా సీనియర్ బాధితుడు.

ఆపరేషన్ ముందురోజు అత్తగారు నన్ను దగ్గరికి పిలిచి, "మూతి వంకర పోతే నలుగురిలోకి ఎలా వెళ్తానమ్మాయ్" అన్నారు. ఆవిడ భయపడగా చూడ్డం నాకదే మొదలు.

గడ్డ పోయింది. నరం తెగలేదు, చుట్టూ పని చేసినందుకు నీరసించింది, కోలుకునేదాకా కుడివైపు మూతి కదలదు అన్నారు. రోజూ అద్దం ముందు నవ్వమన్నారు, బుగ్గలు పూరించమన్నారు. తనలో తాను పళ్ళికిలించడానికి తనకేం పిచ్చా అని ఆవిడ అద్దానికి గుడ్డ కప్పేశారు. ఎవరైనా వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గదిలోకి వెళ్ళిపోయేవారు. నా పులుసు మూతి విరవకుండానే తాగేవారు. ఇంకో కోడలైతే కొబ్బరికాయ కొట్టేది. నాకు మాత్రం ఇల్లు బావురుమంటున్నట్టుండేది.

ఇక వైద్యం నేనే మొదలుపెట్టాను. పప్పులో ఉప్పు మర్చిపోయాను. మా పుట్టింటి ఆవకాయ ముందు ఎవరిదీ నిలవదన్నాను. ఆవిడ తమ్ముడింటి పెళ్ళిలో కాజాలు రాళ్ళలా ఉన్నాయన్నాను. ఎడమ పెదవి లేచేది, కుడివైపు చలనం లేదు. నేను దొడ్లోకెళ్ళి ఏడ్చేదాన్ని.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినరోజు, అత్తగారు, మామగారు, నేను ఆసుపత్రి బల్ల మీద కూర్చుని క్యారేజీలోని పులిహోర తిన్నాం. లోపల డాక్టరు గారు నవ్వమన్నారు. ఆవిడ నవ్వలేదు. ఈల వేసినట్టు పెదాలు పెట్టమన్నారు. ఆవిడ తల తిప్పేసుకున్నారు. ఒక్కోసారి పూర్తిగా రాకపోవచ్చు కూడా అని ఆయన మొదలుపెట్టేసరికి నాకు ఒళ్ళు మండింది.

"ఆ పులిహోర మా అమ్మ పంపిందండి అత్తయ్య గారూ. మీ చేతి పులిహోర దీని ముందు దిగదుడుపేనని మామయ్య గారన్నారు" అన్నాను.

మామగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అత్తగారి కుడి పెదవి వణికింది, ఆగింది, తర్వాత మెల్లగా చెవివైపుకి విరిగింది. డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. నేను అందరి ముందూ భోరుమన్నాను.

ఆవిడ మూతి అలాగే ఉంచి అన్నారు.

"ఏడవకు. పొద్దున్న నువ్వు కలుపుతుంటే చూశాలే. బాగానే ఉంది."