చుక్కమ్మా, భైరవుడూ, అత్తయ్య ధావళీ

పోయిన వారం మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు ఎండబెడుతున్నారని తెలిసి సాయానికి వెళ్ళాను. బందరులో వానలు వెనకబట్టాక పుస్తకాలకు ఎండ చూపించకపోతే అవి పుస్తకాలుగా మిగలవు. సముద్రపు గాలికి అట్టలు ఉబ్బుతాయి, పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వరండాలో చాపల మీద పరిచినవాటిని ఒక్కొక్కటే విప్పి దులుపుతుంటే అట్ట లేని పుస్తకం ఒకటి చేతికి తగిలింది. దానికి మొదటి పదహారు పేజీలు లేవు. రాసినవారెవరో, ఏ ఊళ్ళో అచ్చయిందో ఆ రోజుల్లోనే తెలియదు, ఇక తెలిసే మార్గమూ లేదు. కానీ నాకు కావలసిన పేజీ ఎక్కడుందో నా వేళ్ళకు గుర్తుంది. తీసి చూస్తే ఒక వాక్యం కింద పెన్సిలు గీత అలాగే ఉంది. ఆ గీత నాది. గ్రంథాలయం పుస్తకంలో గీతలు గీయకూడదని పదిమందికి బుద్ధులు చెప్పిన వాణ్ణి, జన్మకి ఒక్కసారే ఆ తప్పు చేశాను. ఒక పిల్లి కోసం, ఒక కుక్కపిల్ల కోసం. అసలు సంగతి చెప్పాలంటే, మా మేనత్త కోసం.

నా చదువు మూడో ఫారంతో ఆగిపోయింది. తరవాత కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తాగా కుదిరాను. పగలంతా ఎవరో రాసింది మళ్ళీ రాయడం, సాయంత్రం గ్రంథాలయంలో ఎవరో రాసింది చదవడం, అదీ నా దినచర్య. బి.ఏ. చదివినవాళ్ళ ముందు తీసిపోకూడదనే పట్టుదల ఒకటి ఉండేది. ఏ పుస్తకం ముందు చదవాలో చెప్పేవాళ్ళు లేక, 'అ' అక్షరం బీరువా నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయాను. నేను చెప్పబోయే సంవత్సరానికి 'ప'కారానికి చేరుకున్నాను. పెంపుడు జంతువుల పుస్తకం ఒకటి ఆ బీరువాలో ఉందని నాకు తెలియడానికి కారణం అదే తప్ప మరొకటి కాదు. అప్పటికి పాకశాస్త్రం అయిపోయింది, పాతివ్రత్యం సగంలో ఉంది.

మా ఇంట్లో ముగ్గురం. నేను, కొత్తగా కాపురానికొచ్చిన నా భార్య, మా మేనత్త. నేను పాలు తాగే వయసులో మా అమ్మ పోతే నన్ను పెంచింది ఈ అత్తయ్యే. చిన్నతనంలోనే భర్త పోయాడు. పొద్దున్నే తడిబట్టతో స్నానం చేసి మడికట్టుకుని వంట చేసేది. ఆ మడిలో ఉండగా ఆమెను ఎవరూ ముట్టుకోకూడదు, నేనైనా సరే. రోజుకి ఒక్కపూటే భోజనం. ఆ ఒక్క పూటా, విస్తరి ముందు కూర్చున్నాక, మొదటి పెరుగన్నం ముద్ద చిన్న ఆకులో పెట్టి "చుక్కమ్మా" అని పిలిచేది. నుదుటి మీద నల్లచుక్క ఉన్న తెల్లపిల్లి ఒకటి తోక నిటారుగా పెట్టుకుని వచ్చి, ముద్ద తిని, మూతి తుడుచుకున్నాకనే అత్తయ్య చెయ్యి తన అన్నంలో పడేది. నన్ను ముట్టుకోనివ్వని మడి పిల్లికి ఎందుకు లేదో నాకు బోధపడేది కాదు. ఒకసారి అడిగాను కూడా, అది ఏ శాస్త్రంలో ఉందని.

"నీ లైబ్రరీలో లేదులే," అంది.

ఆ ఏడు వానాకాలం మొదట్లో దివిసీమ నుంచి మా మామగారు ఒక మనిషిని పంపారు. వాళ్ళ ఊరు కోడూరు దగ్గర. ఆ మనిషి పులిగడ్డ రేవు దాటి, బళ్ళు మారి, తాటాకు బుట్ట ఒకటి తెచ్చి మా అరుగు మీద దించాడు. బుట్ట మూత దానంతటదే లేచింది. లోపల నుంచి చింతపిక్క రంగు కుక్కపిల్ల ఒకటి తల బయటపెట్టి వీధంతా వినేలా తుమ్మింది. వెంట ఉత్తరం. పట్నంలో దొంగల భయం, అమ్మాయి పగలంతా ఒంటరిగా ఉంటుంది, తోడుకి పంపుతున్నాను అని. ఉత్తరం నేను పైకి చదవకుండా ఉండవలసింది.

"ఒంటరిగానా? మరి నేనెవర్ని? దూలాన్నా?" అంది అత్తయ్య.

"ఆయన ఉద్దేశం అది కాదత్తయ్యా."

"ఉద్దేశం ఏదైతేనేం, ఉత్తరంలో నేను లేను కదా!"

మా ఆవిడ తల వంచుకుని బుట్ట తాడు విప్పుతూ కూర్చుంది. అల్లుడికి మామగారు పంపిన దాన్ని తిప్పి పంపడం మర్యాద కాదు. అందుకని నేను నా విద్య ఉపయోగించి కుక్కపిల్లకి భైరవుడని పేరు పెట్టాను. కాలభైరవుడి వాహనం కుక్కే కదా, ఆ పేరు వింటే అత్తయ్య మనసు మెత్తబడుతుందని నా ఎత్తు. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "కాశీలో కనిపిస్తే దణ్ణం పెడతాను. నా వంటింట్లో కనిపిస్తే మాత్రం చీపురు తిరగేస్తాను," అంది.

చుక్కమ్మ అంత సేపు మాట్లాడలేదు. నడవలోకి వచ్చి, భైరవుణ్ణి చూసి, ఒళ్ళంతా రెట్టింపు చేసుకుని, ఒక్క దూకులో అటకెక్కింది. భైరవుడు అది ఆట అనుకున్నాడు. అటక కింద నిలబడి సాయంత్రం దాకా తోక ఊపాడు. మర్నాడు పెరుగన్నం ముద్ద పెట్టి పిలిస్తే అటక మీద రెండు కళ్ళు కనిపించాయి గానీ పిల్లి దిగలేదు. అత్తయ్య ఆకు పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి అన్నం ముట్టకుండా లేచిపోయింది. ఆ మర్నాడు నిచ్చెన వేసి ముద్ద అటకమీదికే అందిస్తే సగం తిన్నది. అత్తయ్యా సగమే తిన్నది. మూడోనాడు చుక్కమ్మ పెంకుల సందులోంచి పక్కింటి కప్పు మీదికి వెళ్ళి పొద్దుగూకేదాకా రాలేదు.

అప్పుడు అత్తయ్య నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"ఒరే నాయనా, అది ఇల్లు విడిచిన రోజున నేనూ విడుస్తాను. గుడివాడలో మా తమ్ముడు ఎన్నాళ్ళ నుంచో రమ్మంటున్నాడు."

తమ్ముడంటే మా బాబాయి. ఆయనకు ఆరుగురు పిల్లలు, రెండు గదుల ఇల్లు. ఈమె వెళ్తే ఆ వంటింటి గుమ్మంలోనే పడుకోవాలి. అయినా వెళ్తుంది. అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. అత్తయ్య లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోబోతే, ఆమె గొంతు లేని వంటింటి గుమ్మం ఒకటి కనబడింది, అంతకు మించి ఊహ సాగలేదు.

ఇక ఇంట్లో ఎవరికి ఎవరి మీద అనుమానమో లెక్క లేకుండా పోయింది. భైరవుణ్ణి కావాలనే వంటింటి వైపు వదులుతోందని మా ఆవిడ మీద అత్తయ్యకు. పిల్లిని అత్తయ్యే అటకమీద ఉంచి మేపుతోందని మా ఆవిడకు. ఇద్దరూ నేను లేనప్పుడు ఏమనుకుంటున్నారోనని నాకు. భైరవుడు ఒక్కడే ఎవర్నీ అనుమానించలేదు. అందుకే అందరం వాణ్ణి ఎక్కువ అనుమానించాం. పాలగిన్నె మీద మూత జరిగి ఉంటే ముందు వాడి మూతి చూసేవాళ్ళం.

గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే పంతులుగారు నేను ఆ పుస్తకం అడగ్గానే కళ్ళజోడు పైకి జరిపారు. "పాతివ్రత్యం పూర్తి చెయ్యకుండానే?" అన్నారు. వరస తప్పడం ఆయనకు నచ్చలేదు. సంగతి చెబితే, "పిల్లీ కుక్కా పుస్తకం చదివి కలుస్తాయంటావా?" అని నవ్వారు. నేను పట్టించుకోలేదు. ఆ పుస్తకం తెల్లవాళ్ళ దేశపు గ్రంథానికి అనువాదంలా ఉంది. వాటిని కొన్నాళ్ళు వేరువేరు గదుల్లో ఉంచాలని, మూసిన తలుపుకి చెరో పక్కా తిండి పెట్టాలని, పిల్లికి ఎత్తయిన చోటు వదిలిపెట్టాలని, కుక్కపిల్లను తరమనివ్వకుండా తాడుతో పట్టుకోవాలని ఉంది. అన్నిటికన్నా ముందు ఒకదాని వాసన మరొకదానికి అలవాటు చెయ్యాలట. కుక్కపిల్ల ఒళ్ళు ఒక గుడ్డతో రుద్ది, ఆ గుడ్డ పిల్లి పడుకునే చోట ఉంచాలట. ఉన్నిగుడ్డ అయితే వాసన నిలుస్తుందట. నేను గీత గీసింది ఆ వాక్యం కిందే.

భైరవుణ్ణి పెరటి గదిలో కట్టాను. తలుపు సంగతి, తిండి సంగతి మా ఆవిడ చూసుకుంది. చిక్కల్లా ఉన్నిగుడ్డ దగ్గర వచ్చింది. చలిదేశంలో కూర్చుని పుస్తకం రాసినాయనకేం, కంబళ్ళు ఉంటాయి. బందరులో ఉక్కకి వీపు మీద ధోవతి కొంగే బరువు. ఇల్లంతా వెతికితే ఉన్నితో నేసింది ఒక్కటే తేలింది, అత్తయ్య ధావళి. ముసురు పట్టి నూలుబట్టలు ఆరనప్పుడు మడికి కట్టుకునే ఉన్నిబట్ట అది. రోజూ తడిపి ఆరెయ్యనక్కరలేదు, అదే దాని సుగుణం. అటక మీది పెట్టెలో రెండుండేవి. ఒకటి చిల్లులు పడి మానేసింది, రెండోది మా నాన్న కాశీనుంచి తెచ్చింది. మానేసినదాన్ని తీస్తే తప్పేముందని, ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య పురాణానికి వెళ్ళినప్పుడు పెట్టె తెరిచాను. రెంటికీ చిల్లులే, రెండూ ఎండిన గోరింటాకు రంగే. చిల్లులు ఎక్కువున్నదేదో ఎంచి పైకి తీశాను. భైరవుణ్ణి దానిలో చుట్టి చెవుల నుంచి తోక దాకా శ్రద్ధగా రుద్దాను. వాడికి ఆ మర్యాద ఎంతో నచ్చింది. తరవాత మడిచి, చుక్కమ్మ పడుకునే అటక అంచున పెట్టి, పెద్ద పరిశోధన చేసినవాడిలా మర్నాడు కోర్టుకి వెళ్ళాను.

ఆ పొద్దుటే ముసురు పట్టింది. మధ్యాహ్నం తడుస్తూ ఇంటికొచ్చేసరికి అత్తయ్య పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఒంటి మీద ధావళి. భైరవుడి ధావళి.

మా ఆవిడ గుమ్మం పక్కనుంచి గొంతు తగ్గించి, "అటక అంచున ఉంటే కర్రతో లాక్కుని కట్టుకున్నారండీ. నేను చూసేసరికే వంట మొదలెట్టేశారు," అంది.

"చెప్పలేదూ?"

"మీరు చెప్పండి. పుస్తకం మీది కదా!"

చెప్పలేకపోయాను. చెబితే కుక్కను రుద్దిన గుడ్డతో మడి వంట చేశానని ఆమెకు తెలుస్తుంది, ఆ సాయంత్రమే గుడివాడ బయల్దేరుతుంది. ఇంతలో చుక్కమ్మ అటక దిగింది, అన్ని రోజుల తరవాత మొదటిసారి. అలవాటుగా అత్తయ్య మోకాలి దగ్గరికి వచ్చి, ధావళి వాసన చూసి, ఆగిపోయింది. ఆమె ముఖంలోకి చూసింది. మళ్ళీ వాసన చూసింది. చెవులు వెనక్కి పెట్టి, అన్నేళ్ళు అన్నం పెట్టిన మనిషి మీద బుస కొట్టింది.

"నా మీదేనుటే నీ అనుమానం?" అంది అత్తయ్య. ఆ రోజు ఆమె భోజనం చెయ్యలేదు. పిల్లి ముద్ద ముట్టలేదనే అనుకున్నాం.

ముసురు నాలుగు రోజులు విడవలేదు. నాలుగు రోజులూ అదే ధావళి. మోకాలు పట్టేసిందని చెప్పి దేవుడి గది గడప తొక్కలేదు. దీపం మా ఆవిడ చేత పెట్టించింది. వంట మాత్రం మానలేదు. నేను కంచం ముందు తల ఎత్తకుండా తినేవాణ్ణి. రెండోనాడు చుక్కమ్మ బారెడు దూరంలో కూర్చుని, కళ్ళు ఆమె మీంచి తిప్పకుండా ముద్ద తిన్నది. మూడోనాడు ధావళి అంచుని ముక్కుతో తాకి తుమ్మింది, కానీ పారిపోలేదు. నాలుగోనాడు, ఏ పుస్తకంలోనూ లేనంత నెమ్మదిగా, ఒక కాలు, ఆగి మరో కాలు వేసి, ఆ ఒళ్ళోకే ఎక్కి పడుకుంది. అత్తయ్య వాసనా కుక్క వాసనా దానికి ఒకటే అయిపోయాయి.

వాన వెలిశాక భైరవుణ్ణి తాడుతో పట్టుకుని నడవలోకి తెచ్చాను. చుక్కమ్మ లేచి వచ్చి వాడి మెడ దగ్గర వాసన చూసింది. తెలిసిన వాసనే. అయినా హద్దు తెలియాలి కాబట్టి ముక్కు మీద ఒక్కటిచ్చి, తన చోటికి వెళ్ళి పడుకుంది. భైరవుడు గడప ఇవతల చతికిలబడ్డాడు. బతికినంత కాలం ఆ గడప దాటి వంటింట్లోకి రాలేదు. వాళ్ళిద్దరూ స్నేహితులయ్యారని చెప్పను. ఒకరు నిద్రపోతే ఒకరు ఒక కన్ను తెరిచి ఉంచేవారు. కానీ ఎవరూ ఇల్లు విడవలేదు. గుడివాడ మాట మళ్ళీ రాలేదు. నేను గ్రంథాలయానికి వెళ్ళి పంతులుగారి ముందు పుస్తకం పెట్టి, "కలిశాయండీ," అని గర్వంగా చెప్పాను. ధావళి సంగతి మాత్రం చెప్పలేదు.

పదకొండేళ్ళ తరవాత సంగతి. చుక్కమ్మ అప్పటికి లేదు. అత్తయ్య మంచం పట్టింది. మళ్ళీ అలాంటి ముసురే, మధ్యాహ్నం వేళ. ముసలి భైరవుడు తడిసొచ్చి గడప దగ్గర పడుకున్నాడు. ఆమె వాడివైపు తిరిగి ముక్కు ఎగబీల్చింది.

"వాన పడితే ఇప్పటికీ అదే వాసన," అంది.

"ఏ వాసనత్తయ్యా?"

"నా ధావళి వాసన."

నేను భైరవుడివైపు చూస్తుంటే ఆమే అందుకుంది.

"పెట్టెలో ఉన్నది అటక అంచుకి ఎలా వచ్చిందా అనుకున్నాను. కట్టుకోగానే తెలిసింది. నాది ముక్కు కాదుట్రా? పైగా బొచ్చొకటి, చింతపిక్క రంగు."

"మరి విప్పెయ్యలేదేం?"

"విప్పితే నిన్ను అడగాలి. అడిగితే నువ్వు చెప్పలేక చస్తావు. చెబితే నేను ఉండలేను." దుప్పటి మెడదాకా లాక్కుంది. "పిల్లి నా మీద బుస కొట్టిందే, అప్పుడు తెలిసింది నువ్వేం చెయ్యబోయావో. సరే, నాలుగు రోజులే కదా అనుకున్నాను. మొదటిరోజు ఉపవాసం ఉన్నాను. దేవుడి దగ్గరికి పోలేదు. ఆయనతో తరవాత సమాధానపడ్డాన్లే."

మోకాలు పట్టెయ్యడం, దీపం మా ఆవిడ చేత పెట్టించడం, ఆ మొదటిరోజు భోజనం చెయ్యకపోవడం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలబడ్డాయి. ఏదో అనబోయాను.

"కాశీదే తీశావు వెధవా, పాతది కాదు," అని అటు తిరిగి పడుకుంది.

మొన్న గ్రంథాలయంలో రబ్బరు అడిగి తీసుకుని ఆ గీత చెరపబోయి ఆగిపోయాను. పుస్తకం మూసి ఎండ తగిలే పక్కకి జరిపాను. ఆ వాసన మీద అనుమానం తీరడానికి చుక్కమ్మకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ మా అత్తయ్య ఏం చేసిందో తెలియడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. అది ఎంతటి పనో తెలుసుకోవడానికి మాత్రం, ముసురు పట్టినప్పుడల్లా, ఇంకా రోజులు పడుతూనే ఉన్నాయి.