గది చూపించమన్నారు

డిగ్రీ అయిన ఏడాది, పెద్దారవీడు దగ్గర మా ఊళ్లోనే ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇస్తున్నాను. సగం ప్రోగ్రామ్ రాశానో లేదో, ఇంటర్వ్యూ చేస్తున్న మేడమ్ ఉన్నట్టుండి ఆపారు.

"మాటిమాటికీ పక్కకు చూస్తున్నారు. జవాబులు ఎవరు చెప్తున్నారు?"

"ఎవరూ లేరు మేడమ్, అక్కడ మా నాయన..."

"గది చూపించండి. లేదంటే ఇంటర్వ్యూ ఇక్కడితో ఆపేస్తాను."

ల్యాప్‌టాప్ తిప్పాను. కిటికీ దగ్గర నాయన స్టూలెక్కి, నా ల్యాప్‌టాప్‌కు నెట్ ఇచ్చే ఫోన్‌ను పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. మా ఇంట్లో సిగ్నల్ అందేది అక్కడే. ఆయన చెయ్యి దిగితే నెట్ పోతుందని నేను అటే చూస్తున్నాను.

"ఏందమ్మా, నెట్టు పోయిందా?" అన్నాడు కంగారుగా.

మేడమ్ అది చూసి, "వీడియో ఆపేయండి, తక్కువ సిగ్నల్ చాలు. ప్రోగ్రామ్ నోటితో చెప్పండి. ముందు ఆయన్ని కూర్చోమనండి" అన్నారు.

"మధ్యలో తెగిపోతే ఎట్ల?" అంటూ నాయన దిగనే లేదు.

ఆ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నేనూ ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఎవరైనా పక్కకు చూస్తే, మీ దగ్గర సిగ్నల్ ఎలా ఉందని ముందు అడుగుతాను.